నాలుగో ఎర్ర సోడా

నువాన్‌చన్ అక్క ఆఫీసు ముందున్న కావలి దేవత గూడు దగ్గర ఎర్ర సోడా మూత తీసి, స్ట్రా వేసి నైవేద్యంగా పెట్టింది. ఈ నెలలో ఇది నాలుగో సీసా.

"నేనొచ్చాకే సర్వర్ పడిపోతోంది తవాట్. పడ్డప్పుడల్లా ఏటి నీటిమట్టం లెక్కలు పోతున్నాయి. రేపు నన్ను బదిలీ చేస్తారట," అంది.

ఎప్పటిలాగే పక్కన నిలబడి చేతులు జోడించాను. ఈసారి కళ్ళు మూతపడలేదు.

"తప్పు నీది కాదక్కా. అది పడితే, తప్పు వెతికే డీబగ్గర్‌లో ఆగి, ఎందుకు పడిందో తెర మీద చూపించాలి. సోంక్రాన్ పండగ సెలవుల్లో నన్ను పిలవకుండా ఉంటారని, సర్వర్‌కి గుండెలాంటి కెర్నెల్‌లో ఆ సెట్టింగ్ నేనే తీసేశాను. ఇప్పుడది కారణం చెప్పకుండా దానంతటదే లేచి కూర్చుంటోంది."

"మరి మళ్ళీ పెట్టెయ్యొచ్చుగా."

"నడుస్తుండగా దాన్ని మార్చనివ్వదు, తాళం పడి ఉంటుంది. ఫైలు దిద్ది, సర్వర్ ఆపి మళ్ళీ మొదలెట్టాలి. ఆపడానికి పెద్దసారు సంతకం కావాలి. ఎందుకని అడుగుతారు."

అక్క కోప్పడలేదు. సీసా వంకే చూస్తూ అడిగింది.

"మొన్నటి మూడుసార్లూ నా పక్కనే కళ్ళు మూసుకుని మొక్కావు కదరా. ఏం కోరుకున్నావ్?"

"నీకు తెలియకూడదని."