బురుజు మీది అరచేయి

"పైబురుజు మూసిన్రా తమ్మీ?" కోట ముందు కారు దిగుతూనే భూమయ్య మళ్లీ అడిగాడు. దారిలో అప్పటికే రెండుసార్లు అడిగాడు.

"నాలుగుదాకా తెరిచే ఉంటాది పెద్దాయనా," అన్నాడు ఫజల్. కడపవాడు, కంపెనీవాళ్ల అజైబా ఆఫీసులో డ్రైవరు. కంపెనీ గెస్టులను తిప్పి తిప్పి కోట కథంతా అతనికి కంఠతా వచ్చేసింది. ముప్పై రెండేళ్లు ఈ ఎడారి దేశపు సైట్లలో మేస్త్రీ పని చేసి, రేపు ఇల్లు చేరబోయే జగిత్యాల మనిషి, ఆఖరి రోజున ఖురం బజారులో బంగారం కొనుక్కోకుండా కోట చూస్తాననడం అతనికి వింతగా తోచింది. టికెట్టూ పాస్‌పోర్టూ ప్యాంటు జేబులోనే ఉన్నాయి కాబోలు, ఎడమ చెయ్యి అందులోంచి తీయడం లేదు.

లోపలికి వెళ్లాక తలుపు పైకప్పులోని కంత చూపించాడు ఫజల్. శత్రువు వస్తే అందులోంచి మరిగే ఖర్జూరపు పాకం పోసేవాళ్లట. మెట్ల మధ్య ఒక పలక తీస్తే నిలువులోతు గుంత. గోడలు బారెడు మందం. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల కుండలో నీళ్లంత చల్లగా ఉంది. భూమయ్య నోరు తెరుచుకుని చూశాడు. కుడిచేత్తో గోడ నిమిరాడు.

"గీ రాళ్లు గంత ఎత్తుకు ఎట్ల మోసిన్రో. గా మేస్త్రీల కాళ్లు మొక్కాలె."

పైబురుజు మెట్లెక్కుతూ ఫజల్ మాటవరసకు చెప్పాడు, ముప్పై ఏళ్ల కిందట మరమ్మతులప్పుడు పూసిన సున్నం పాడైతే, పోయినేడు గోడలన్నీ గీకి కొత్త సున్నం పెట్టారని. భూమయ్య సగంలో ఆగిపోయాడు.

"అన్నీ గీకిన్రా?"

"ఒక్కచోట తప్ప. రా, అసలు సంగతి అదే."

పైన గోడలో నాలుగే వేళ్లున్న ఒక ఎడమ అరచేతి అచ్చు. దాని మీద అద్దం, ముందు తాడు. నాలుగు వందల ఏళ్ల కిందట కోట కట్టిన పెద్దమేస్త్రీదట. కత్తివేటుకు చిటికెనవేలు పోయినా పని ఆపలేదట. చెబుతుంటే ఫజల్ గొంతు దానంతటదే తగ్గింది.

భూమయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎవలో కూలోడిదై ఉంటది తమ్మీ," అన్నాడు.

ఫజల్‌కు చిర్రెత్తింది. "కూలోడి చేతికి అద్దం బిగిస్తారా? దండం పెట్టుకో పెద్దాయనా."

భూమయ్య సిగ్గుపడ్డాడు. అచ్చు వైపు కాకుండా పాతగోడల వైపు తిరిగి, జేబులోంచి ఎడమ చెయ్యి తీసి, రెండు చేతులూ జోడించాడు.

ఆ చేతికీ చిటికెనవేలు లేదు.