కోడిపెట్ట కాపలా

పశువుల పాకలో ఒక కోడిపెట్ట గంపలో గుడ్లు పొదుగుతోంది. అది కూర్చునేది తక్కువ, లేచేది ఎక్కువ. గడ్డి కదిలితే పిల్లి అనుకుని వాకిలి దాకా పరుగెత్తేది. నీడ పడితే కాకి అనుకుని చూరు కిందికి వచ్చి చూసేది.

పక్కనే నెమరు వేస్తున్న ముసలి గేదె, "ఏమే, కాసేపు కుదురుగా కూర్చోలేవా?" అంది.

"నాకంత తీరిక ఎక్కడిది పెద్దమ్మా? నీలా తిని పడుకుంటే నా గుడ్లన్నీ కాకి పాలవుతాయి."

"కాకి ఇంకా రాలేదు. నువ్వు లేచినప్పుడల్లా గుడ్లు మాత్రం చల్లబడుతున్నాయి. పొదగడమంటే కూర్చోవడమేనే. పిల్లి వస్తే నా కొమ్ములున్నాయి."

కోడికి కోపం వచ్చింది. అయినా గుడ్లను ముక్కుతో తాకి చూసింది. కొన్ని చల్లగా తగిలాయి. ఆ తర్వాత అది మేతకు తప్ప లేవలేదు. నీడలు పడుతూనే ఉన్నాయి. అది కళ్లు మూసుకుని కూర్చుంది.

కొన్నాళ్లకు పిల్లలు బయటికి వచ్చాయి. మూడు గుడ్లు మాత్రం పగలలేదు.

చూడవచ్చిన బాతు జాలిపడింది. "అయ్యో వదినా, వీటికేమైంది? పిల్లి గాని ముట్టుకుందా?"

"లేదు," అంది కోడి. "వాటికి నేను కాపలా కాశాను."