నోటినిండా నీళ్ళు

"మింగావా?"

టీచరమ్మ గొంతు వినగానే చిట్టి నిటారుగా కూర్చుంది. లేదని తల ఊపబోయి, ఊపితే తొణుకుతుందని ఆగి, బుగ్గలు ఇంకాస్త పూరించి చూపించింది. నోటినిండా నీళ్ళు. చుక్క లోపలికి పోలేదు, చుక్క బయటికి రాలేదు.

"ఊఁ, పర్లేదు. ఒరేయ్ బుజ్జీ, చొక్కా ఏంట్రా అలా తడిసింది?"

"తుమ్మొచ్చింది టీచరమ్మా."

"తుమ్ము కాదు, నవ్వు. నా కళ్ళేం పోలేదు. మళ్ళీ పోసుకో."

ఆ నాటకబడిలో టీచరమ్మ మాటకి తిరుగులేదు. పాలు పోసే మనిషి నుంచి పోలీసాయన దాకా ఆవిడకి అందరూ ఒరేయ్‌లూ ఒసేయ్‌లే. పొడుగాటి గది. ఒక గోడకి నిలువెత్తు అద్దం, ఇంకో గోడకి మేకులూ, మేకులకి అట్ట కిరీటాలూ. మూల ఒక హార్మోనియం, దాని వెనక బట్టతల పెద్దాయన. గది మధ్య వరసగా పొట్టి కుర్చీలు. వాటిలో మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, బుగ్గలు బుడగల్లా ఉబ్బించుకుని చిట్టీ, బుజ్జీ, పండూ, తక్కిన గుంపంతా.

"మీది మాటల్లేని పాత్ర," అంది టీచరమ్మ, బెత్తం లేకపోయినా ఉన్నట్టే చెయ్యి ఊపుతూ. "మాటలుంటే ఎవరైనా చేస్తారు. జరిగేదంతా చూస్తూ కదలకుండా, మెదలకుండా కూర్చోవడం ఉంది చూశారూ, అదీ విద్యంటే! పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా?"

ఈ నీళ్ళ గొడవంతా నిరుటి నిర్వాకం వల్ల వచ్చింది. బడి వార్షికోత్సవంలో రాజు చచ్చిపోయే ఘట్టం రాగానే బుజ్జి బావురుమన్నాడు. ఎంతకీ ఆపకపోతే, చచ్చిన రాజే లేచొచ్చి వాడి కళ్ళు తుడవాల్సి వచ్చింది. పాట దగ్గర పండు తనది కాని పాటని ఎత్తుకుంది. పాడాల్సిన పిల్ల గొంతు ఆ హోరులో కొట్టుకుపోయింది.

అయినా చిట్టి చేసినదాని ముందు ఇవన్నీ ఏ మూలకి! అసలే నోట్లో నువ్వుగింజ నానని మనిషి. పైగా నాటకం మొదటి మాట నుంచి చివరి మాట దాకా కంఠతా వచ్చు. అదే కొంప ముంచింది. సింహాసనం ఎక్కిన యువరాణి ఒకచోట మాట మరిచి తడబడింది. కాస్త ఆగితే గుర్తొచ్చేదే. చిట్టి ఆగితేగా! ఉన్నచోటే లేచి నిలబడి, యువరాణి మాటలన్నీ తనే గడగడా అప్పజెప్పేసింది. హాలంతా గొల్లున నవ్వింది. యువరాణి కిరీటం విసిరికొట్టి లోపలికి పరుగెత్తింది.

యువరాణంటే చిట్టికి ప్రాణం. జడ కూడా చిట్టి అల్లితేనే ఆ పిల్లకి కుదురుతుంది. అలాంటిది, ఈ ఏడు మళ్ళీ అదే వేషం ఇస్తామంటే యువరాణి టీచరమ్మతో తెగేసి చెప్పింది.

"ముందు ఆ నోటి సంగతి చూడండి. అప్పుడే రంగేసుకుంటా."

అందుకే ఈ పరీక్ష. ఇవాళ నెగ్గినవాళ్ళే రేపు తెర లేచేటప్పుడు హాల్లో ఉంటారు. ఓడినవాళ్ళు బయట సైకిళ్ళకి కాపలా.

చిట్టి సాధన మామూలు సాధన కాదు. ఇంట్లో కూడా నోటినిండా నీళ్ళు పోసుకుని తిరిగింది. "ఈ విద్యేదో ముందే నేర్పించి ఉంటే నేనింకో పదేళ్ళు ఎక్కువ బతికేదాన్ని" అని ఇంట్లో పెద్దావిడ తెగ మురిసిపోయింది.

"నీళ్ళు ఉమ్మేసి రండి," అంది టీచరమ్మ. "ఇప్పుడు ఉత్త నోటితో. చిట్టీ, ముందు నువ్వే."

యువరాణికి ఇవాళ టీచరమ్మే సెలవిచ్చింది. ఆ లోటు తీర్చడానికి హార్మోనియం పెద్దాయన లేచాడు. బట్టతల మీద అట్ట కిరీటం పెట్టుకున్నాడు. అది జారి చెవుల మీద ఆగింది. గొంతు సన్నం చేశాడు.

"నా రాజ్యంలో ఒక్క పిచ్చుక కూడా..."

ఆగిపోయాడు. పైకప్పు కేసి చూశాడు.

"పిచ్చుక కూడా... పిచ్చుక..."

'ఆకలితో పడుకోకూడదు!' మాట చిట్టి నాలుక చివర్న గజ్జె కట్టుకుని గంతులేస్తోంది. పళ్ళు బిగించింది.

"పిచ్చుక కూడా స్నానం చెయ్యకూడదు!" అన్నాడు పెద్దాయన ధీమాగా.

బుజ్జి కిసుక్కుమన్నాడు. పండు పైటతోనో దేనితోనో నోరు నొక్కుకుంది. చిట్టి మాత్రం కుర్చీ అంచులు పట్టుకుని బిగుసుకుపోయింది. విసిరికొట్టిన కిరీటం కళ్ళ ముందు దొర్లింది.

టీచరమ్మ వంగి, చెవిలో తేనె పోసినట్టు అంది. "చెప్పవే, పాపం. పెద్దాయన పరువు పోతోంది. ఒక్క మాటేగా?"

చిట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు ఎర్రబడింది. పెదవి మాత్రం పెదవిని వదల్లేదు.

పెద్దాయన ఊపిరి పీల్చుకుని, కిరీటం సర్దుకుని, తనంతట తానే అందుకున్నాడు. "ఆకలితో పడుకోకూడదు!"

చిట్టి బిగబట్టిన గాలంతా వదిలింది.

టీచరమ్మ దగ్గరికొచ్చి చిట్టి బుగ్గ గట్టిగా గిల్లింది. "నెగ్గావే తల్లీ! రేపు ముందు వరసలో దర్జాగా కూర్చుని, నీ కూతురి యువరాణి వేషం చూసుకో."