మొదటి వాక్యంలో ఏ నవల?

పొద్దుట్నుంచి ఆర్డిస్ కాలు ఒకచోట నిలవలేదు. స్వెట్టర్ మార్చింది. మళ్లీ పాతదే తొడిగింది. తను రాసిన నవలలన్నీ బల్లమీద పేర్చింది. మరీ చాటుకున్నట్టుందని వాటిని సోఫా వెనక్కి తోసింది. ఒక్కటి మాత్రం, మరిచిపోయినట్టుగా, బల్లమీదే వదిలేసింది.

"కాస్త కూచోవే. నీ నడకకి సరస్సు మీద మంచు పగిలి, చలికాలానికి ఆగిన ఓడలు ముందే బయల్దేరేట్టున్నాయి," అన్నాడు మొగుడు వెర్న్.

"నీకేం! ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నా. ఆ న్యూయార్క్ పత్రిక నా గురించి ఒక్క ముక్క వేసిందా? ఇవాళ ఏకంగా మనిషినే పంపుతోంది. వచ్చే వారమేగా జాతీయ బహుమతి ప్రకటించేది! ఊరికే వస్తాడా?"

"ఊరికే ఎందుకొస్తాడు? నీ నిమ్మకాయ కేకు వాసన అక్కడిదాకా కొట్టుంటుంది."

వచ్చిన విలేకరి పేరు కోరీ. మెత్తటి మనిషి. మంచు బూట్లు గుమ్మంలోనే విప్పి, మేజోళ్లతో వచ్చి కూచున్నాడు. పుట్టిన ఊరు అడిగాడు. ఓడల్లో ఇనప ఖనిజం మోసిన నాన్న పేరు అడిగాడు. మనవల పేర్లు అక్షరం పొల్లుపోకుండా చెప్పించుకున్నాడు.

"ఆరోగ్యం ఎలా ఉందండీ?"

'ప్రయాణానికి పనికొస్తానో లేదో చూస్తున్నాడు' అనుకుంది ఆర్డిస్.

"గుర్రంలా ఉన్నా బాబూ! న్యూయార్క్‌దాకా నడిచి రమ్మన్నా వస్తా."

కోరీ ఇబ్బందిగా నవ్వి రాసుకున్నాడు.

"వ్యాసం మొదటి వాక్యంలోనే ఒక నవల పేరు వేస్తామండీ. ఏది వేయమంటారు?"

జనానికి తెలిసింది 'తుఫాను పెళ్లి'. సినిమావాళ్లు ఎగబడి కొనుక్కుందీ అదే.

"'ఖాళీ ఓడ బరువు' అని వెయ్యి బాబూ. ఎవడూ కొనలేదు. అందులో మా నాన్న ఉన్నాడు."

"తప్పకుండానండీ."

"పత్రికలో ఎప్పుడొస్తుంది?"

"అది మా చేతుల్లో లేదండీ. మాకేం తొందర లేదు."

పిల్లాడు గుట్టు పొక్కనివ్వడం లేదని మురిసిపోయింది. కేకు మొత్తం పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

అతను గుమ్మం దాటాడో లేదో, కిటికీ రెక్క తీసి చెవి బయటపెట్టింది. చలిగాలికి వెర్న్ తిట్టాడు. ఆర్డిస్ వినిపించుకోలేదు.

కారు దగ్గర కోరీ ఫోనులో చెబుతున్నాడు:

"నివాళి వ్యాసానికి అన్నీ దొరికాయి సార్, ఇక ఆవిడ పోవడమే తరువాయి."