రాయని అవధి

పోలీసులు వదిలిన టియర్ గ్యాసు పొగలోంచి ఒక ముసలాయన టోపీ చేత పట్టుకుని నడిచొచ్చి, యుసేబియో కోల్కే విల్కా ఎవరని అడిగాడు.

తండ్రివైపుదీ తల్లివైపుదీ, ఇంటిపేర్లు రెండూ కలిపి మరీ అడిగాడు.

ఒరూరో ఊళ్లో మనిషిని పూర్తిపేరుతో పిలిచేవాళ్లు ఇద్దరే. పెళ్లి చేయించే పాద్రీ, జాబితా పట్టుకొచ్చిన మఫ్టీ పోలీసు. చుట్టుపక్కల పెళ్లి జాడేమీ లేదు.

యుసేబియో అక్కడే ఉన్నాడు, చేతిలో లామా అనే కొండజంతువు ఉన్నితో పేనిన వడిసెలతో. వాళ్ల తాత దాంతో కొండ అవతలి గొర్రెను ఇవతలికి మళ్లించేవాడట. ఆ గొర్రె మనవలు ఇప్పటికీ తల తడుముకుంటూనే పుడుతున్నాయట.

గొడవంతా లెక్కల పరీక్ష మీద.

రెండుకు దగ్గరయ్యేకొద్దీ ఒక భిన్నం విలువ ఎటు పోతుందన్నది ప్రశ్న. సరిగ్గా రెండు దగ్గర పైనా సున్నా, కిందా సున్నా. యుసేబియో ఉమ్మడి కారణాంకం కొట్టేసి నాలుగని తేల్చాడు.

నాలుగే. కానీ మధ్య వరుసల్లో, లిమిట్ అని చెప్పే 'అవధి' అన్న మాట రాయలేదు. మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. అలా సున్నా తిన్నవాళ్లు తొంభైమంది.

యుసేబియోకి అది మూడోసారి. నాలుగోసారి ఉండదు. మళ్లీ దిద్దించమని అర్జీ పెట్టి నెలయినా జవాబు లేదు. పోతే చదువు పోయి, నాన్నను మింగిన తగరపు గనిలోకే దిగాలి.

అందుకే కాలేజీ గేటు ముందు టైర్లు కాలుతున్నాయి. ఒక కుర్రాడి చెవి తెగింది. ఒక పోలీసు పళ్లు రోడ్డు మీద ఉన్నాయి.

"అతనితో ఏం పని తాతా?" అన్నాడు యుసేబియో.

"అది అతనికే చెప్పాలి బాబూ."

"మాకు చెప్తే అరిగిపోతావా?" అన్నాడు పక్కవాడు.

"చూపించండి చాలు. ఎక్కువసేపు పట్టదు."

నిన్న ఇలాగే అడిగినవాడు ముగ్గుర్ని జీపెక్కించుకుపోయాడని పక్కవాడు యుసేబియో చెవిలో ఊదాడు.

ముసలాయన కోటు లోపలికి చెయ్యి పెట్టాడు.

వడిసెల ఒక్క చుట్టు తిరిగింది. రాయి కణతకు తగిలింది. మోకాళ్లు మడతపడి కూలాడు. కోటులోంచి తీసిన కళ్లద్దాలు వేళ్ల మధ్య నలిగాయి.

ఇద్దరు బూట్లతో డొక్కలో తన్నారు. యుసేబియో ఆపలేదు.

ఎవరో పేరు తెలియని ముసలాయన ఆసుపత్రిలో పోయాడని ఆ సాయంత్రం రేడియోలో చెప్పారు. మఫ్టీ ఒకడు తగ్గాడని కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. యుసేబియో కూడా కొట్టాడు.

నాలుగో రోజుకు ఊరు సద్దుమణిగింది. గొడవకి మూసేసిన కాలేజీ ఆఫీసు తెరిచారు. గుమాస్తా దోన్యా ప్రిమితీవా యుసేబియోని చూస్తూనే మొహం విప్పార్చి, పాసయ్యావు పొమ్మంది. అర్జీ గెలిచిందట.

వాడు నమ్మలేక బల్ల పట్టుకుని, పేపరు మళ్లీ దిద్దింది ఎవరని అడిగాడు.

"పొటోసి నుంచి వచ్చిన పెద్ద మాస్టారు నాయనా. కుర్రాడికి మూడోసారట, ఇంకొక్క పూట కూడా బెంగపడకూడదు, నేనే వెతికి చెప్పొస్తానని ఆ రోజు అంత గొడవలోనూ గేటు దగ్గరికి వెళ్లాడు, నీకు కనిపించలేదా?"