వెయ్యి మీటర్ల మర్యాద

మార్లిస్‌కి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం, అత్తగారిని ఎక్కడ 'నువ్వు' అనాల్సి వస్తుందోనని. పాపకి జ్వరమొస్తే పడే భయం కూడా దీని తరవాతే.

అందుకే ఆదివారం కాఫీల దగ్గర, శీతాకాలం సెలవులకి స్కీయింగ్‌కి ఫలానా ఊరు వెళ్దామని మొగుడు గెర్నోట్ అనేసరికి, ఆమె అడిగింది మంచు గురించి కాదు.

"ఎంత ఎత్తులో ఉంది?"

"పదిహేడు వందల అరవై మీటర్లు. మంచుకి ఢోకా లేదు," అన్నాడు గెర్నోట్ కేకు నములుతూ.

మార్లిస్ లెక్క వేసుకుంది, ఏడు వందల అరవై ఎక్కువ. వాళ్ళ వైపు ఆచారం ప్రకారం, వెయ్యి మీటర్లు దాటాక కొండ మీద 'మీరు' అనే మాటే ఉండదు. జడ్జిగారైనా పాలు పితికేవాడైనా ఒకరికొకరు 'నువ్వే'. అక్కడ 'మీరు' అన్నవాళ్ళని పొగరుబోతుల కింద లెక్కేసి, చుట్టూ ఉన్న అందరికీ వాళ్ళ చేతే సారా పోయిస్తారు. కింద వియన్నాలో మాత్రం, పెళ్ళయి నాలుగేళ్ళయినా అత్తగారు హెర్మీనె కోడల్ని 'మీరు' అంటారు, కోడలూ అంతే. ఆవిడ పక్కింటి కుక్కని కూడా 'మీరు' అంటారు.

అంత ఎత్తుకి వెళ్తే పాప చెవులు మూసుకుపోతాయంది మార్లిస్. పాలు సరిగ్గా కాగవంది. జుట్టు కూడా ఊడుతుందని ఎక్కడో చదివానంది. గెర్నోట్ తన బట్టతల తడుముకుని, అయితే తనకి ఏ బాధా లేదన్నాడు.

హెర్మీనె కప్పు కింద పెట్టారు. "మార్లిస్, మీరు చెప్పిందాంట్లో అర్థం ఉంది. నాకూ వెయ్యి దాటితే తిన్నది అరగదు."

నాలుగేళ్ళలో అత్తగారు తన మాటకి వంత పాడటం అదే మొదలు. మార్లిస్‌కి ముందు సంతోషం వేసింది. ఆ వెంటనే, అంటే ఈవిడకీ నన్ను 'నువ్వు' అనడం ఇష్టం లేదన్నమాట అని కాస్త రోషం కూడా వచ్చింది.

అక్కణ్ణించి గెర్నోట్ జాబితాలోంచి ఏ ఊరు చదివినా ఇద్దరూ కలిసి కొట్టిపారేశారు. ఒక ఊళ్ళో మరీ ఎండట, ఒక ఊళ్ళో మరీ నీడట, ఇంకో ఊళ్ళో చర్చి గంట అపస్వరమట. చివరికి తొమ్మిది వందల ఎనభై అయిదు మీటర్ల దగ్గర ఒక పల్లె తేలింది.

"అక్కడ ఈ ఏడు గడ్డి తప్ప మంచు లేదమ్మా. స్కీలు వేసుకుని ఆవుల వెంట పడమంటావా?" అన్నాడు గెర్నోట్.

"పడరా. ఆవులకీ కాలక్షేపం కావాలిగా," అన్నారు హెర్మీనె.

మార్లిస్ మ్యాపు తీసి మూడుసార్లు సరిచూసుకుంది. అక్కడ బసకిచ్చే ఇంటావిడకి ఫోన్ చేసి, గదులు కిందా మేడ మీదా, మేడైతే ఎన్ని మీటర్లు పెరుగుతుంది అని అడిగింది. ఇంటావిడ, ఆరోగ్యం అదీ బాగానే ఉందా అని మెల్లగా అడిగింది.

వెళ్ళారు. ఊరంతా పచ్చగడ్డి. రెండు రోజులు హాయిగా 'మీరు', 'మీరు' అనుకుంటూ తిరిగారు. మూడో రోజు, మంచు లేదని చిన్నపిల్లలకి స్కీయింగ్ నేర్పే బడిని పైకి, పద్నాలుగు వందల మీటర్లకి మార్చేశారు. గెర్నోట్ పాపని తీసుకుని ముందే వెళ్ళిపోయాడు. పాప మొదటిసారి జారుతుందంటే తల్లి చూడకుండా ఎలా ఉంటుంది, నాయనమ్మ మాత్రం ఎలా ఉంటుంది? విడివిడిగా వెళ్దామని ఇద్దరూ అనుకున్నారు గానీ, రోప్‌వే దగ్గరున్న మనిషి ఇద్దర్నీ కలిపి పదిహేడో నంబరు పెట్టెలోకి తోసి తలుపు వేసేశాడు.

పెట్టె పైకి లేచింది. పైన్ చెట్ల మధ్య నుంచి పసుపు బోర్డు దగ్గరికొచ్చింది. దాని మీద వెయ్యి అని ఉంది. దాటింది.

"ఇక తప్పదు," అన్నారు హెర్మీనె కళ్ళు గట్టిగా మూసుకుని. "మార్లిస్. నువ్వు... నీ టోపీ బాగుంది."

మార్లిస్ నోరు తెరిచింది. మొదటి 'నువ్వు' ఎక్కిళ్ళలా వచ్చింది. రెండోది కాస్త నున్నగా వచ్చింది. మూడోది వెనక ఇంకేదో తోసినట్టు దూకింది.

"నువ్వు నా సూపులో ఉప్పెందుకు వేస్తావు? నేనటు తిరగ్గానే?"

హెర్మీనె కళ్ళు తెరిచారు.

'మీరు' అంటూ పోట్లాడటం ఎవరికి చేతనవుతుంది? నాలుగేళ్ళుగా గొంతులో ఉన్నదంతా ఆ ఒక్క మాట అడ్డం పడి ఆగింది. ఇప్పుడు అడ్డం తొలగింది. నేనుతికిన పరదాలు నువ్వు మళ్ళీ ఉతికావంది. నన్నడక్కుండా పాప జుట్టు కత్తిరించావంది. చెప్పేకొద్దీ మార్లిస్ బుగ్గలు ఎర్రబడ్డాయి, ఒంట్లో చలి పోయింది.

అంతలో గాలి లేచింది. పెట్టె ఒక్కసారి ఊగి, నడి ఆకాశంలో ఆగిపోయింది. హెర్మీనె గబుక్కున, కిందవాళ్ళతో మాట్లాడటానికి పెట్టిన ఎర్ర మీట నొక్కారు.

"బాబూ, వెనక్కి దించు. ఊరిదాకా అక్కర్లేదు, ఓ అరవై మీటర్లు దించితే చాలు."

"గాలి తగ్గాలమ్మా, ఎంతసేపో చెప్పలేను," అంది స్పీకర్లోంచి గొంతు. "భయపడకు. నువ్వు ఒంటరిగా లేవుగా, తోడుంది."

"అదే కదా నా భయం," అన్నారు హెర్మీనె.

"ఇలా ముక్కలుముక్కలుగా కాదు," అంది మార్లిస్ చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. "మొదట్నుంచీ వరసగా చెబుతాను, విను."

గాలి ఇంకా తగ్గలేదు. మీలో ఎవరైనా అటువైపు వెళ్తుంటే, పదిహేడో నంబరు పెట్టెలో హెర్మీనె గారు ఎలా ఉన్నారో కాస్త కనుక్కోండి. మార్లిస్ ఇంకా పెళ్ళిరోజు దగ్గరే ఉంది.