కౌజు పిల్లల కలుగు

కార్చిచ్చులో తల్లిని పోగొట్టుకున్న మూడు కౌజుపిట్ట పిల్లల్ని పందికొక్కు తన కలుగులో పెట్టుకుని సాకుతోందని అడవంతా చెప్పుకునేది. పొద్దు వాలితే చాలు, కలుగులోంచి ఆకలి ఏడుపు వినబడేది. జంతువులన్నీ గింజలు తెచ్చి, కలుగుకి వీపు పెట్టి, వెనక కాళ్లతో లోపలికి తోసి వెళ్లిపోయేవి. ఇచ్చిన దానం ఎటు పోయిందో చూస్తే పాపమని అక్కడి నమ్మకం.

చారమ్మ అనే ఉడుత తన పిల్లల నోటి దగ్గరి కూడు తీసి మరీ ఇచ్చేది. రెండో వానాకాలం వచ్చాక ఆమెకో అనుమానం పుట్టింది.

"తాబేలు తాతా, కౌజు పిల్లకి నెల తిరక్కుండా రెక్కలొస్తాయి కదా! ఇవింకా పసిగొంతుతోనే ఏడుస్తున్నాయేం?"

"ఇచ్చాక ఆరా తీయకూడదే. ఉన్న పుణ్యం కాస్తా పోతుంది," అని కసిరాడు తాబేలు తాత.

పోతే పోయిందనుకుని చారమ్మ ఆ సాయంత్రమే కలుగులోకి దూరింది. లోపల మోకాలి లోతు పొట్టు. దాని అడుగున మూడు చిన్న పుర్రెలు, ముక్కులు తెరుచుకుని, ఎప్పుడో ఎండిపోయాయి. ఏడుపు మాత్రం వినిపిస్తూనే ఉంది, ఆమె వెనకనుంచి.

తిరిగి చూస్తే దారికి అడ్డంగా పందికొక్కు. బుగ్గల నిండా గింజలు కుక్కుకుని కౌజు పిల్లలా ఏడుస్తోంది.

"వాటి దగ్గరే నేర్చుకున్నాను," అంది మెల్లగా. "ఈ ఏడుపు పాతబడిపోయింది. చారమ్మా, తల్లి లేని ఉడుత పిల్లలు ఎలా ఏడుస్తాయో?"

చారమ్మ కెవ్వుమంది. బయట అడుగుల చప్పుడు ఆగింది.

"పాపం, ఇవాళ ఆకలి ఎక్కువగా ఉన్నట్టుంది," అంటూ తాబేలు తాత, వీపు ఇటు పెట్టి, మరో దోసెడు గింజలు లోపలికి తోశాడు.